మైకమ్మ ఆవులింతలు

ఆ స్టేషనుకి ఆరు ప్లాట్‌ఫారాలు, రెండు వంతెనలు, ఒక గొంతు. ఆ గొంతు మైకమ్మది.

ఒకటో నంబరు ప్లాట్‌ఫారం పక్కన ముప్ఫైనాలుగు మెట్లెక్కితే ఒక అద్దాల గది వస్తుంది. అందులో ఒక బల్ల, కొంగలా మెడ వంచిన మైకు, రైళ్ల రాకపోకలు చూపించే తెర, కంట్రోలు గదికి ఫోను, ఒక చక్రం ఊడిన కుర్చీ. పదహారేళ్లుగా ఆవిడ ఆ కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుని, ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో, ఎంత ఆలస్యంగా వస్తుందో చెబుతూనే ఉంది. అసలు పేరు వేరే ఉంది. పార్సిలు గదిలో మూటలు మోసేవాళ్లు ఎప్పుడో సరదాకి మైకమ్మ అన్నారు. అదే ఖాయమైపోయి, అధికారులు కూడా కాగితాల మీద తప్ప మిగతా అన్నిచోట్లా అలాగే పిలవసాగారు. దానికి ఆవిడ ఎప్పుడూ నొచ్చుకోలేదు. తర్వాత మాత్రల రోజుల్లో మాత్రం, “పేరు పెట్టినవాళ్లెవరో గాని మహా ముందుచూపున్నవాళ్లు. మైకు కట్టేసినా మైకం మిగిలింది” అని తన మీద తనే విసురుకునేది.

బయట గంటగంటకీ మోగే ఆ గొంతు ఇంటికొచ్చేసరికి మూతబడేది. భర్త బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీ. వీధి గదే దుకాణం. మెళ్లో టేపు, చెవి మీద సుద్దముక్క. “లోకానికంతా ఏ రైలు ఎప్పుడొస్తుందో చెప్తావు. నువ్వు ఇంటికెప్పుడొస్తావో నాకు మాత్రం చెప్పవు” అని ఆయన ఫిర్యాదు. లోపలి గదిలో అత్తగారు. ఆవిడకి రక్తపోటు, చక్కెర, కీళ్లు కలిపి రోజుకి తొమ్మిది మాత్రలు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

జబ్బు చెప్పాపెట్టకుండా వచ్చింది. మొదట తిండి రుచి పోయింది. తర్వాత నిద్ర పోయింది. రోజూ తెల్లవారకముందే గుండె దడదడలాడుతూ మెలకువ వచ్చేది, ఇంట్లో దొంగలు పడ్డట్టు. ఆ తర్వాత స్నానం కొండెక్కినంత పనయింది. ఇవన్నీ ఒక ఎత్తు, మైకు దగ్గర పట్టుకున్న అనుమానం ఒక ఎత్తు. పదహారేళ్లలో ఒక్కసారి కూడా తప్పు ప్లాట్‌ఫారం చెప్పని మనిషి, ఒకరోజు రైలు ప్రకటించి మైకు కట్టగానే, ‘నాలుగన్నానా, రెండన్నానా?’ అనుకుంది. దిగి వెళ్లి చూసింది. నాలుగే అంది. రైలు నాలుగు మీదే నిలబడింది. మర్నాడు రెండు రైళ్లకి దిగింది. నెల తిరిగేసరికి ప్రతి ప్రకటనకీ ముప్ఫైనాలుగు మెట్లు దిగడం, ముప్ఫైనాలుగు మెట్లు ఎక్కడం.

“మైకమ్మ సన్నబడుతోంది, ఏదో వ్యాయామం మొదలెట్టింది” అని పార్సిలు గదిలో మెచ్చుకున్నారు. ఆ మెప్పుకి ఏడుపొచ్చింది. మెట్ల కింద చీపుర్లు పెట్టే అరలో నిలబడి, అయిదు నిమిషాలు ఏడ్చి, ముఖం తుడుచుకుని మళ్లీ పైకెక్కింది, తర్వాతి రైలుకి వేళయిందని.

ఇంతకీ ఏడవడానికి కారణం ఏదీ కనబడదు. అదే ఆవిడకి అన్నిటికంటే పెద్ద సిగ్గు. ఎవరూ పోలేదు. ఇల్లు కూలలేదు. భర్త తాగడు, కొట్టడు. ‘నీకేం పొయ్యేకాలమే? కష్టాలున్నవాళ్లు ఏడుస్తారు, వాళ్ల వాటా కూడా నువ్వే ఏడ్చేస్తున్నావు’ అని తనని తానే తిట్టుకునేది. ఏడవడానికైనా మనిషికి ఒక అర్హత ఉండాలని ఆవిడ గట్టి నమ్మకం.

తొమ్మిదో నెలలో ఒక ఉదయం స్నానాల గదిలో పీట మీద కూర్చుని చెంబు చేత్తో పట్టుకుంది. అంతే, అలాగే ఉండిపోయింది. అత్తగారు తలుపు కొట్టి, “ఏమ్మా, నీళ్లు కాగలేదా, నువ్వు కాగుతున్నావా?” అని అరిచేదాకా నలభై నిమిషాలు గడిచాయని తెలియలేదు. ఆ రోజు మొదటిసారి డ్యూటీకి ఆలస్యమైంది. రైళ్లు ఆలస్యమైతే చింతిస్తున్నామని ఆవిడ చెబుతుంది. ఆవిడే ఆలస్యమైతే చింతించడానికి ఎవరున్నారు?

గుండెదడకి చూపించుకుందామని ఆసుపత్రికి వెళ్లింది. గుండె పరీక్ష చేశారు, రక్తం తీశారు, థైరాయిడ్ చూశారు. “భేషుగ్గా ఉంది. ఇంకో ముప్ఫై ఏళ్లు ఢోకా లేదు” అన్నాడు అక్కడి పెద్ద డాక్టరు. మైకమ్మకి నిజంగానే నీరసం వచ్చేసింది. గుండెజబ్బయినా రాలేదు, నలుగురికి చెప్పుకోవడానికి! ఆయన ఆవిడ ముఖం కాసేపు చూసి, నిద్ర గురించి, ఆకలి గురించి అడిగి, ఇంకో చీటీ రాసిచ్చాడు. మానసిక వైద్య విభాగం, రెండో అంతస్తు, కంటి విభాగం పక్కన.

కంటి విభాగం పక్కన ఉండటం ఆవిడకి పెద్ద వరం. నల్లద్దాలు పెట్టుకుని వెళ్లి, రెండు విభాగాలకీ మధ్యనున్న బల్ల మీద, ఎటువైపు మనిషో ఎవరూ తేల్చలేనట్టు కూర్చుంది. కాసేపటికి పక్కన ఎవరో కూర్చున్నారు. ఆయన కూడా నల్లద్దాలు. తిరిగి చూస్తే, తమ స్టేషను టికెట్ కలెక్టరు. టికెట్ లేనివాణ్ణి పది పెట్టెల అవతలి నుంచి పసిగట్టే మనిషి, తేలు కుట్టిన దొంగలా ముడుచుకుని ఉన్నాడు.

“ఏంటి టీసీ గారూ, మీరిక్కడ?”

“కళ్లండీ. దూరంవి ఆనట్లేదు. మీరు?”

“నావీ కళ్లేనండి.”

ఇద్దరూ కళ్ల గురించి పావుగంట మాట్లాడుకున్నారు. శుక్లాలు, నీటికాసులు, ఏవీ వదల్లేదు. అంతలో నర్సు మానసిక విభాగం తలుపు తీసి, టీసీ గారి పేరు నిండుగా పిలిచింది. ఆయన లేచి, నల్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, “ఈ లోపల కూడా చూస్తారటండీ కళ్లు” అని గొణుక్కుంటూ వెళ్లాడు. ఆయన బయటికి వస్తుంటే మైకమ్మ లోపలికి వెళ్లాల్సి వచ్చింది. గుమ్మంలో ఇద్దరూ ఎదురుపడి, పక్కకి జరిగారు.

డాక్టరమ్మకి ముప్ఫై దాటి ఉండవు. ‘ఈ పిల్లకి నేను ఏం చెప్పుకోను?’ అనుకుంటూనే మైకమ్మ మొదలుపెట్టింది. మెట్ల సంగతి చెప్పేటప్పుడు నవ్వించబోయింది. డాక్టరమ్మ కొంచెం నవ్వి, రాసుకుంది. ఆ తర్వాత కలం కింద పెట్టి, “బతకాలని లేదనిపించడం, చచ్చిపోతే బాగుండనిపించడం లాంటివి ఏమైనా ఉన్నాయా అమ్మా?” అని మామూలు గొంతుతోనే అడిగింది.

అంత సూటిగా ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని మైకమ్మ అనుకోలేదు. అప్పటిదాకా గుక్క తిప్పుకోకుండా వేసిన జోకులన్నీ ఎటో పోయాయి.

“పొద్దున్న లేవకపోతే బాగుండు అనిపిస్తుందండి, ఒక్కోసారి. అంతే.”

“అంతే అని తీసెయ్యకండి. అది నాకు చెప్పాల్సిన మాటే. చెప్పారు, మంచిపని చేశారు. మందు మొదలెట్టిన కొత్తలో ఆ ఆలోచనలు ఎక్కువైనా, కుదురుగా కూర్చోలేనంత గాభరా వచ్చినా, తేదీ దాకా ఆగకుండా వచ్చెయ్యాలి. లేదా ఈ నంబరుకి ఫోన్ చెయ్యాలి. ఇంట్లో ఒకళ్లకి ఈ సంగతి తెలిసుండాలి. ఎవరికి చెప్తారు?”

“చెప్పాలంటారా?”

“చెప్పాలి.”

ఆ పైన డాక్టరమ్మ మందు సంగతి వివరించింది. వారం రోజులు అర మాత్ర, తర్వాత ఒకటి. ఉదయం టిఫిను తిన్నాక. గుణం కనబడటానికి నాలుగు వారాలు, ఆరు వారాలు కూడా పట్టొచ్చు. గుణానికంటే ముందు వికారం, నోరెండటం, ఆవులింతలు వస్తాయి. చాలామందికి అవి కొద్దిరోజుల్లో సర్దుకుంటాయి. ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. బాగుందని చెప్పి సొంతంగా మానెయ్యకూడదు. మైకమ్మ ప్రతి మాటకీ తలూపింది. బుర్రలోకి మాత్రం ఒక్కటీ ఎక్కలేదు. మధ్యలో ఒక ప్రశ్న మటుకు వినబడింది.

“ఇంకేమైనా మాత్రలు వాడుతున్నారా?”

“అబ్బే, ఏం లేవండి.”

“నొప్పులకి గాని, జలుబుకి గాని?”

“మోకాళ్లకి ఒకటి వేసుకుంటానండి. అప్పుడప్పుడు.”

“అప్పుడప్పుడంటే?”

“రోజూనండి. మెట్లెక్కి దిగుతున్నాను కదా.”

డాక్టరమ్మ కళ్లజోడు పైకి నెట్టుకుంది. “వాటినీ దీన్నీ కలిపి వేసుకుంటే కడుపులో రక్తం కారే ప్రమాదం ఉంటుందమ్మా. అవి చప్పరింపు బిళ్లలు కావు. నొప్పికి వేరేది రాస్తాను. ఇక మీద ఏ మందు కొన్నా, మూలికల మందైనా సరే, ఇది వాడుతున్నానని దుకాణంలో చెప్పి కొనండి.” ఈవిడ తలూపుడు మీద నమ్మకం కుదరలేదేమో, అన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చేతికిచ్చింది. ఆ కాగితమే లేకపోతే మైకమ్మ ఆ వారం ఏం మింగేదో ఆవిడకే తెలియదు.

ఆ సాయంత్రం భర్త బడిపిల్లల నిక్కర్లకి జేబులు కుడుతుంటే, మిషను చప్పుడులో కలిసిపోతుందన్న ధైర్యంతో చెప్పింది. “ఏవండీ, నాకు మనసు బాగాలేదట. మందిచ్చారు.” అక్కడితో ఆపుదామనుకుంది గాని, డాక్టరమ్మ మొహం గుర్తొచ్చి మిగతాది కూడా చెప్పింది, లేవకపోతే బాగుండనిపించే పొద్దుల గురించి.

మిషను ఆగింది. ఆయన సూది కింద నుంచి గుడ్డ లాగి పక్కన పెట్టాడు.

“నా మీద కోపమనుకున్నానే,” అన్నాడు. “నేనేదో తప్పు చేశాననుకుని తొమ్మిది నెలలుగా ఎంత బుద్ధిగా ఉన్నానో తెలుసా?”

నిజమే. ఆ తొమ్మిది నెలల్లో తడి తువ్వాలు మంచం మీద పడలేదు. మైకమ్మకి ఒకేసారి నవ్వూ ఏడుపూ వచ్చాయి. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతిలో ఉన్న టేపు చుట్టాడు, విప్పాడు, చుట్టాడు. మర్నాటి నుంచి ఉదయం ఆవిడ లేచేవేళకి తనే ముందు లేచి, పక్కన కూర్చోసాగాడు. ఉన్నానని చూపిస్తాడు, అంతే.

అత్తగారికి మాత్రం చెప్పలేదు. మాత్రల అట్టని వంటగదిలో పంచదార డబ్బా వెనక దాచింది. నాలుగో రోజుకే దొరికిపోయింది.

“ఎవరివివి?”

“నావే అత్తయ్యా. మనసు కుదురుగా ఉండటానికి.”

పిచ్చిదని ముద్ర పడుతుందని మైకమ్మ చేతులు కట్టుకు నిలబడింది. అత్తగారు అట్టని వెలుతురుకి ఎత్తి, తేదీ చదివి, వెనక్కి తిప్పి చూసి, “మాత్రలు పొయ్యి పక్కన పెడతావా? వేడికి పాడైపోవూ? నా తొమ్మిది మాత్రలూ బల్ల మీద బాహాటంగా కూర్చుంటే, నీ ఒక్కదానికి అంత సిగ్గేంటమ్మా?” అంది. ఆ తర్వాత తన మాత్రల గళ్లపెట్టెలో ఒక అర ఖాళీ చేయించి, అందులో వేయించింది. ఆ రోజు నుంచి టిఫిను బల్ల దగ్గర, “మీది అయిందా?” “నీది అయిందా?” అని అత్తాకోడళ్లు ఒకరినొకరు అడుక్కోవడం మొదలైంది.

మొదటి రెండు వారాలూ మైకమ్మకి చుక్కలు కనబడ్డాయి. వికారం సరే, నోరెండిపోవడం! గొంతుతో బతికే మనిషికి నాలుక అంగిట్లో అట్టముక్కలా అతుక్కుపోయేది. ‘కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట’ అన్న సామెత ఆవిడ కోసమే పుట్టిందనిపించింది. నీళ్ల సీసా పక్కన పెట్టుకుని, రైలుకొక గుక్క తాగేది. దాన్ని ఎలాగో నెట్టుకొచ్చింది. కొంప ముంచింది మాత్రం ఆవులింత.

పదకొండో రోజు ఉదయం, స్టేషను కిటకిటలాడే వేళ. “ప్రయాణికులకు విజ్ఞప్తి. రైలు మరి కొద్దిసేపట్లో నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీదకి వ...” అనేసరికి లోపలెక్కడి నుంచో ఆవులింత తన్నుకొచ్చింది. మామూలుది కాదు. దవడలు కిర్రుమన్నాయి. మైకు కట్టడానికి వీల్లేక, ఆ “ఆఆఆ” మొత్తం ఆరు ప్లాట్‌ఫారాల మీద మోగింది. అద్దంలోంచి కిందకి చూస్తే, పెట్టె మీద కూర్చున్న పెద్దాయన ఆవులించాడు. ఆయన్ని చూసి పక్కావిడ, ఆవిణ్ణి చూసి పోలీసు. అలా వంతెన దాకా పాకింది. నాలుగో నంబరు మీద మూడొందల మంది నోళ్లు తెరుచుకుని రైలుకి స్వాగతం పలికారు.

స్టేషను మాస్టరు పిలిపించాడు. “ఏంటమ్మా, రైలొస్తోందని చెప్తున్నారా, జోలపాడుతున్నారా?”

“మాత్రలండీ. వాటికి ఆవులింతలొస్తున్నాయి.”

“ఏం మాత్రలు?”

కక్కలేక మింగలేక, “కళ్లకండీ” అనేసింది.

అదే తప్పయింది. మాస్టరు మంచివాడు, పైగా జాగ్రత్తపరుడు. తెర చూసి రైలు నంబర్లు చదివే మనిషికి కళ్ల జబ్బంటే ఊరుకుంటాడా? మూడు రోజుల్లో కంటి పరీక్షకి ఉత్తర్వు వచ్చింది. మైకమ్మ మళ్లీ అదే రెండో అంతస్తుకి వెళ్లి, ఈసారి నిజంగానే కంటి విభాగం తలుపులోకి నడిచి, అట్ట మీద అడుగువరస అక్షరాలు కూడా గడగడ చదివేసింది. “ఈ వయసులో ఇలాంటి కళ్లు నేను చూళ్లేదమ్మా. మీకు మాత్రలిచ్చిందెవరు?” అని కంటి డాక్టరు తెల్లబోయాడు. సొంత కళ్లు ఇంత ఆరోగ్యంగా ఉన్నందుకు తలదించుకుని బయటపడ్డ మనిషి ప్రపంచంలో ఆవిడొక్కతే అయి ఉంటుంది.

గుణం అయిదో వారంలో వచ్చింది. అది మొదట మోకాళ్లకి తెలిసింది. ఒక మధ్యాహ్నం మోకాళ్లు నొప్పి పెట్టడం లేదేమిటా అని ఆలోచిస్తే, పొద్దున్న నుంచి ఒక్కసారి కూడా కిందకి దిగలేదు! ఆరో నంబరు అని చెప్పింది, రైలు ఆరో నంబరు మీదకి వచ్చింది, తను టీ తాగింది. టీకి వాసన ఉంది. ఆనందం పొంగిపొర్లిందనడానికి లేదు. మోసుకు తిరుగుతున్న మూటని ఎవరో ఒక చేత్తో పట్టుకున్నట్టయింది, అంతే. మెట్లు మానేసినందుకు రెండు నెలల్లో లావెక్కింది. “మైకమ్మ వ్యాయామం మానేసింది, బద్ధకం” అని పార్సిలు గదిలో పెదవి విరిచారు.

ఈలోగా టీసీ గారితో స్నేహం కుదిరింది. తలుపు దగ్గర దొరికిపోయాక ఇక దాచడానికేముంది? మధ్యాహ్నం రైళ్లు లేని వేళ ఇద్దరూ ఒకటో నంబరు చివర బల్ల మీద కూర్చుని, పిల్లలు గోలీలు పోల్చుకున్నట్టు మాత్రలు పోల్చుకునేవారు. “మీది చిన్నది, నాది పొడుగు” అనేవాడాయన గొప్పగా. ఒకసారి ఆవిడకి నిద్ర పట్టడం లేదంటే, “నా దాంట్లోంచి ఒకటి వేసుకు చూడండి, నాకు బ్రహ్మాండంగా పనిచేసింది” అని అట్ట తీశాడు. మైకమ్మ చెయ్యి చాపింది కూడా. అంతలో సంచీలో డాక్టరమ్మ కాగితం గుర్తొచ్చి చూస్తే, ఏడో వరుసలో ఉంది: మీ మందు ఎవరికీ ఇవ్వొద్దు, వేరేవాళ్లది మీరు వేసుకోవద్దు. “ఇదేంటండీ, మనిద్దర్నీ చూసే రాసినట్టుంది!” అన్నాడు టీసీ, అట్ట లోపల పెట్టేసుకుంటూ. ఆ వారం డాక్టరమ్మకి చెబితే, సాయంత్రం ఆరు దాటాక తాగే మూడు టీలు మానమంది. నిద్ర పట్టింది.

ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. అయిదో నెల వచ్చేసరికి మైకమ్మకి అంతా బాగుంది. ఎంత బాగుందంటే, అసలు తనకి జబ్బే రాలేదేమో, డాక్టరు పిల్ల తనని బాగా వెర్రిదాన్ని చేసిందేమో అనిపించేంత. ‘అంతా మనోధైర్యమే’ అని తేల్చుకుంది. మనోధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో మర్చిపోయింది. కాగితంలో ‘సొంతంగా మానకండి’ అన్న మాట కింద డాక్టరమ్మ రెండు గీతలు గీసిన సంగతి కూడా మర్చిపోయింది. ఒక సోమవారం నుంచి మాత్ర మానేసింది. “నీది అయిందా?” అని అత్తగారు అడిగితే, “అయింది” అని ఖాళీ గుటక మింగి చూపించింది.

మంగళవారం హాయిగా గడిచింది. బుధవారం తల తిరిగింది. గురువారం పొద్దున్న కళ్లు ఇటూ అటూ తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టు చిన్నచిన్న జిల్లులు. టీవీలో సబ్బు ప్రకటన చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. పల్లెంలో చెంచా చప్పుడైతే భర్త మీద లేచింది. అలాగే డ్యూటీకి వెళ్లింది.

పదిన్నర బండి. “ప్రయాణికులకు విజ్ఞప్తి. రైలు మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదకి వస్తోంది.” కిందకి చూస్తే ఒకాయన ఎర్రపెట్టె లాగుతూ అయిదో నంబరు వైపు పరిగెడుతున్నాడు. మళ్లీ చెప్పింది. ఆయన పరుగు పెంచాడు. అంతే, లోపలేదో పుటుక్కుమంది.

“మూడో నంబరు. మూడు! ఎర్రపెట్టె పెద్దమనిషీ, మిమ్మల్నే. అయిదో నంబరుకి ఎక్కడికండీ ఆ పరుగు? చెవులు ఇంట్లో పెట్టి తాళం వేసొచ్చారా?”

స్టేషనంతా గొల్లుమంది. ఎర్రపెట్టె పెద్దమనిషి మెడెత్తి నాలుగు దిక్కులూ చూసి, చేతులు జోడించి, మూడో నంబరుకి నడిచాడు. మైకమ్మ మైకు కట్టి, చేసిన పని తెలిసొచ్చి, కుర్చీని మైకుకి దూరంగా జరుపుకుంది.

ముప్ఫైనాలుగు మెట్లూ రెండేసి చొప్పున ఎక్కి టీసీ గారొచ్చాడు. తలుపు తీయగానే అడిగాడు: “మాత్ర మానేశారా?”

“మీకెలా తెలుసు?”

“నేనూ పోయినేడాది ఇలాగే మానేశాను. నాలుగోరోజు, టికెట్లున్న ముగ్గుర్ని బండి దింపేశాను.”

మైకమ్మ సంచీ తెరిచి అట్ట తీసింది. “సోమ, మంగళ, బుధ, గురు. నాలుగూ వేసేసుకుంటే సరిపోతుందంటారా?”

“రైలు తప్పిపోతే నాలుగు రైళ్లు కలిపి ఎక్కుతారా మేడమ్? అట్ట కింద పెట్టండి. ముందు ఫోన్ చెయ్యండి.”

ఫోనులో డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. ఎన్ని రోజులైందో, ఆలోచనలేమైనా చెడుగా ఉన్నాయా, పక్కన ఎవరున్నారో అడిగింది. “ఈరోజుది ఒక్కటి వేసుకోండి. మానేసినవాటిని వదిలెయ్యండి. తల తిరుగుతోంది కాబట్టి మెట్లు ఒక్కరే దిగకండి. రేపు రండి.” టీసీ గారు రెక్క పట్టుకుని దింపాడు. పార్సిలు గదివాళ్లు చూసి ఏమనుకున్నారో ఆవిడకి తెలియదు, తెలుసుకోనూలేదు.

మర్నాడు డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. “బాగైంది మందు పనిచేస్తోంది కాబట్టి. బాగయ్యాక కూడా ఇంకొన్ని నెలలు, కనీసం ఆరు నెలలు వాడితేనే జబ్బు తిరిగి రాకుండా ఉంటుంది. ఆ తర్వాత మానొచ్చు. కాని ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా. హఠాత్తుగా మానేస్తే శరీరం ఇలాగే గోల చేస్తుంది. దీనికి బానిసైపోయారని కాదు. అలవాటుపడ్డ శరీరానికి సర్దుకునే సమయం ఇవ్వాలి, అంతే.”

“నేను చదువుకున్నదాన్నేనండి,” అంది మైకమ్మ, ఎందుకన్నదో తనకే తెలియకుండా.

“చదువుకున్నవాళ్లే ఎక్కువ మానేస్తారు,” అంది డాక్టరమ్మ.

ఇంట్లో అత్తగారి ముందు తప్పు ఒప్పుకోవడం వేరే పెద్ద ఘట్టం. “ఉత్తి గుటకలు మింగి నన్నే మోసం చేస్తావా? నలభై ఏళ్లనాడు నేను మా అత్తగారి ముందు వేసిన వేషాలివి” అని ఆవిడ మూడు రోజులు కోడలి నోరు తెరిపించి, నాలుక ఎత్తించి మరీ చూసింది. నాలుగో రోజు విసుగొచ్చి వదిలేసింది.

స్టేషనులో సంజాయిషీ రాయమన్నారు. ఎర్రపెట్టె పెద్దమనిషి ఫిర్యాదు చేయలేదు గాని, పై అధికారి ఒకాయన ఆ సమయానికి రెండో నంబరు మీద ఉన్నాడు. మైకమ్మ నాలుగు కాగితాలు చింపి, అయిదో దాని మీద ఉన్నదున్నట్టు రాసింది: తనకి కళ్ల జబ్బు లేదని, కుంగుబాటూ ఆందోళనా ఉన్నాయని, మందు సొంతంగా మానడం వల్ల ఇలా జరిగిందని, ఇక మీద అలా చేయనని. స్టేషను మాస్టరు రెండుసార్లు చదివాడు. ఆయన దగ్గర ఒక ఫారం ఉంది. అందులో రెండే గళ్లు. సాంకేతిక లోపం, మానవ తప్పిదం.

“ఇది దేంట్లో వెయ్యాలమ్మా?” అని తల గోక్కున్నాడు.

“మానవ తప్పిదంలోనే వెయ్యండి సార్.”

“అందులో వేస్తే జవాబులు రాయలేక చస్తాను,” అని సాంకేతిక లోపం మీద టిక్కు పెట్టి, మూడు వారాలు మైకు వద్దు, విచారణ కిటికీలో కూర్చోమన్నాడు. తల తిరుగుడు తగ్గేదాకా మెట్లెక్కే పని లేకుండా ఆయన చేసిన ఉపాయమది. ఆ మాట పైకి అనలేదు. మూడు వారాలూ ఆవిడ కిటికీలో కూర్చుని, అడిగినవాళ్లకి అడిగినట్టు చెప్పింది. ఒకరోజు ఎవరో రెండుసార్లు అడిగితే రెండుసార్లూ చెప్పింది. మూడోసారి అడిగితే నవ్వింది.

ఆపైన తొమ్మిది నెలలు ఒక్క పూట తప్పకుండా వేసుకుంది. అప్పుడు డాక్టరమ్మే తగ్గిద్దామంది. నెలకింత అని లెక్క రాసిచ్చింది. మాత్ర సగం చేయడానికి దర్జీగారు కత్తెర తెచ్చాడు. ముక్క ఎగిరి బీరువా కిందకి పోయింది. మర్నాడు దుకాణం నుంచి మాత్రలు కోసే చిన్న పెట్టె తెచ్చారు. మూడున్నర నెలలకి పూర్తిగా మానింది, ఈసారి అందరికీ చెప్పి.

కథ అక్కడ ముగిస్తే అందంగానే ఉండును. కాని ఇంకో ఏడాదిన్నరకి, మళ్లీ తెల్లవారకముందే ఆ గుండెదడ వచ్చింది. రెండు వారాలు గమనించింది. రైలు చెప్పాక ఒకసారి మెట్లు దిగి చూసొచ్చింది. పైకొచ్చి కూర్చుని, ‘మళ్లీ తొమ్మిది నెలలు ఆగుదామా, ఆరోగ్యానికి మంచిదేగా మెట్లెక్కడం?’ అని తనని తానే ఎగతాళి చేసుకుని, సెలవు చీటీ రాసింది. కారణం అన్నచోట ‘డాక్టరు దగ్గరికి’ అని రాసి ఊరుకుంది.

డాక్టరమ్మ బదిలీ అయింది. కొత్తాయన పెద్దవయసువాడు, చెవులు కొంచెం దూరం. ఫైలు తిరగేస్తుంటే మైకమ్మ మొదటి నుంచి చివరిదాకా తనే గట్టిగా చెప్పేసింది, ఆవులింతతో సహా. ఆయన కళ్లు తుడుచుకునేంత నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, అడగాల్సినవన్నీ వరసగా అడిగాడు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఇంకేం మందులు వాడుతున్నారు, బతకాలని లేదనిపిస్తోందా. అన్నిటికీ ఉన్నది చెప్పింది. చివరి ప్రశ్నకి, “ఈసారి అంతదాకా రానివ్వలేదండి” అంది. పాత మందే, అర మాత్రతో మొదలు.

బయటికొచ్చేసరికి చినుకులు. ఆసుపత్రి ముందు రేకుల పంచలో నలుగురితో పాటు నిలబడింది. పల్లీలమ్మే ఆవిడ దగ్గర ఒక పొట్లం కొని, వాన తగ్గేదాకా ఒక్కొక్కటే వొలుచుకు తింది. వేడిగా ఉన్నాయి. ఉప్పు కొంచెం ఎక్కువైంది.